కల్నల్ సి.కె. నాయుడు: సంస్థాన సైనిక హోదా, క్రికెట్, రెండవ ప్రపంచ యుద్ధం

వ్యాససంగ్రహం:
భారత టెస్టు క్రికెట్ జట్టుకు తొలి నాయకుడైన కొఠారి కనకయ్య నాయుడు పేరుకు ముందు ‘కల్నల్’ అనే మాట విడదీయరానిదిగా నిలిచిపోయింది. ఆ హోదా ఏ సైన్యానికి చెందినది, ఎవరు ఇచ్చినది, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో దానికి ఏ అర్థం ఉన్నది అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నాయుడుతో తలపడిన హెడ్లీ వెరిటీ, నాయుడు నాయకత్వంలో ఆడిన డెనిస్ కాంప్టన్ జీవితాలతో పోల్చి, ఆటగాడి సామాజిక స్థాయికీ సైనిక హోదాకూ మధ్య గల సంబంధాన్ని వివరిస్తుంది.

కీలకపదాలు: సి.కె. నాయుడు, హోల్కర్ సంస్థానం, సంస్థాన సైన్యాలు, రంజీ ట్రోఫీ, హెడ్లీ వెరిటీ, రెండవ ప్రపంచ యుద్ధం.

1. ఉపోద్ఘాతం:

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంపైన, కాకినాడపైన బాంబులు వేశాయి. అప్పటివరకు పత్రికల్లో చదివే వార్తగా ఉన్న యుద్ధం, ఓడరేవును ఆనుకొని ఉన్న విశాఖ పాత పట్టణానికి, అంటే నేటి వన్ టౌన్‌కు, ఆ రోజు ఆకాశంలో కనిపించింది. తెలుగునేల మీద రెండవ ప్రపంచ యుద్ధాన్ని గురించి రాసేవారెవరైనా ఆ తేదీని స్మరించక తప్పదు.

అదే సంవత్సరాలలో తెలుగు మూలాలు గల ఒక కల్నల్ ఇండోర్‌లో ఉన్నాడు. ఆయన యుద్ధరంగంలో లేడు, రంజీ ట్రోఫీ మైదానంలో ఉన్నాడు. ఆయన కొఠారి కనకయ్య నాయుడు. ‘కల్నల్ సి.కె. నాయుడు’ అన్న పేరును వివరణ లేకుండా చదివిన నేటి పాఠకుడు ఆయనను యుద్ధంలో పాల్గొన్న సైనికాధికారిగా భావించే అవకాశం చాలా ఉంది. ఆ భావన సరికాదు. అలాగని ఆ హోదా కేవలం అలంకారమని కొట్టిపారేయడమూ సరికాదు. ఒక సామాన్య కుటుంబీకుడు రాజులు, మహారాజులు ఏలుతున్న క్రీడారంగంలో నాయకుడిగా నిలబడగలగడానికి ఆ హోదా ఎంతో కొంత ఆధారమైంది. ఈ రెండు విషయాలనూ కలిపి చూస్తే తప్ప ‘కల్నల్’ అనే మాట బరువు తెలియదు.

2. మచిలీపట్నం నుంచి నాగపూర్‌కు, నాగపూర్ నుంచి ఇండోర్‌కు:

నాయుడు 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో జన్మించాడు. కుటుంబ మూలాలు మచిలీపట్నానివి. తాత నారాయణస్వామి నాయుడు నాగపూర్‌లో స్థిరపడిన న్యాయవాది, తొలినాళ్ల కాంగ్రెస్‌వాది. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు కేంబ్రిడ్జిలో చదివినవాడు. ఇది చదువు, ఆస్తి, పలుకుబడి ఉన్న కుటుంబమే కాని రాజకుటుంబం కాదు. ఆనాటి భారత క్రికెట్‌లో ఈ తేడా చిన్నది కాదు.

1916లో బొంబాయి నాలుగు జట్ల పోటీలో హిందువుల జట్టు తరఫున నాయుడు తొలి ఫస్ట్ క్లాస్ మ్యాచ్ ఆడాడు. తొలి పరుగులనే సిక్సరుతో సాధించాడు. ఇండోర్ పాలకుడు మూడవ తుకోజీరావు హోల్కర్ 1923లో ఆయనను తన సంస్థానానికి ఆహ్వానించి, సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చాడు. కల్నల్ హోదా తరువాతి కాలంలో వచ్చింది. ఇక్కడ ఒక కాలక్రమాన్ని గమనించాలి. ఆయన కీర్తికి శిఖరంగా చెప్పుకునే ఇన్నింగ్స్ అప్పటికి ఇంకా రాలేదు. అది 1926 డిసెంబర్ 1న వచ్చింది. ఆర్థర్ గిలిగన్ నాయకత్వంలో వచ్చిన ఎం.సి.సి. జట్టుపై బొంబాయి జింఖానా మైదానంలో నాయుడు 153 పరుగులు చేశాడు. అందులో 11 సిక్సర్లు, 13 ఫోర్లు ఉన్నాయి. ఆ తరువాత రెండేళ్లకు, 1928లో, భారత క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడింది. 1932లో భారత జట్టు లార్డ్స్ మైదానంలో తొలి టెస్టు ఆడింది. అంటే హోల్కర్ కొలువు పేరుపొందిన వీరుడికి ఇచ్చిన బహుమతి కాదు. ఎదుగుతున్న ఆటగాడికి కల్పించిన జీవనాధారం.

3. సంస్థాన సైన్యంలో హోదా అంటే ఏమిటి?

బ్రిటిష్ ఇండియా సైన్యం వేరు, సంస్థానాల సైన్యాలు వేరు. మొదటిదానిలో అధికారి కావడానికి బ్రిటిష్ రాజు పేరిట నియామకపత్రం కావాలి. 1932లో డెహ్రాడూన్‌లో సైనిక అకాడమీ వచ్చిన తరువాత భారతీయులకు అక్కడ శిక్షణ పొంది అధికారులయ్యే దారి ఏర్పడింది. సంస్థాన సైన్యంలో నియామకాధికారం ఆ సంస్థానాధీశుడిదే. ఆయన తన సేనలో ఎవరిని కెప్టెన్ చేయాలన్నా, ఎవరిని కల్నల్ చేయాలన్నా చేయగలడు. కాబట్టి ఒకే పదం రెండు వ్యవస్థల్లో రెండు వేర్వేరు విషయాలను సూచిస్తుంది. తెలుగులో ఈ రెండింటికీ ‘కల్నల్’ అనే ఒక్క మాటే ఉండటం వల్ల అయోమయం ఏర్పడుతున్నది.

సంస్థాన సైన్యాలన్నీ కవాతులకే పరిమితమైనవని దీని అర్థం కాదు. నిజాం సంస్థానపు మొదటి హైదరాబాద్ పదాతిదళం 1941 డిసెంబర్‌లో మలయాలోని కోటబారు విమానస్థావరం రక్షణలో ఉంది. జపాను సేనలు దిగినది అక్కడే. మైసూరు, బహావల్‌పూర్ సంస్థానాల దళాలు కూడా మలయాకు వెళ్లాయి. అందువల్ల సంస్థాన సైన్యాధికారి అన్న మాట యుద్ధానుభవాన్ని సూచించవచ్చు, సూచించకపోవచ్చు. వ్యక్తిని బట్టి, దళాన్ని బట్టి తేల్చుకోవలసిందే.

నాయుడు విషయంలో తేల్చుకోవడం కష్టం కాదు. 1934-35లో రంజీ ట్రోఫీ మొదలైనప్పటి నుంచి ఆయన మధ్య భారత జట్టుకు ఆడాడు. 1941-42 నుంచి ఆ స్థానంలో హోల్కర్ జట్టు పేరుతో ఇండోర్ బరిలోకి దిగింది. ఇంగ్లండ్‌లో కౌంటీ పోటీలు యుద్ధం కారణంగా ఆగిపోయినా, రంజీ పోటీలు యుద్ధకాలమంతా నిరాటంకంగా సాగాయి. నాయుడు ఆ ఋతువులలో మైదానంలోనే ఉన్నాడు. 1941లో ఒక లివర్ టానిక్ ప్రకటనలో కూడా కనిపించాడు. వస్తువుల ప్రకటనలకు పేరు ఇచ్చిన తొలి భారత క్రికెటర్‌గా ఆయనను చెబుతారు. ఆయన కల్నల్ హోదా అసలు పని ఒక ఆటగాడికి వేతనాన్ని, గౌరవాన్ని ఒకేసారి సమకూర్చడం. ఆట ఆడినందుకు డబ్బు తీసుకుంటున్నాడని అనిపించకుండా డబ్బు ఇవ్వడానికి సైనిక కొలువు మర్యాదకరమైన మార్గం. ఇండోర్‌కే చెందిన ముస్తాక్ అలీ కూడా ‘కెప్టెన్ ముస్తాక్ అలీ’గానే ప్రసిద్ధుడు. పటియాలా వంటి ఇతర సంస్థానాలూ క్రికెటర్లను కొలువులో పెట్టుకున్నాయి.

4. రాజుల నడుమ ఒక కెప్టెన్:

1932 ఇంగ్లండ్ యాత్రకు నాయకుడిగా పోర్‌బందర్ మహారాజు, ఉపనాయకుడిగా లింబ్డి రాజకుమారుడు ఎంపికయ్యారు. ఆటలో వారి సామర్థ్యం ఎంతన్నది అప్పుడు ఎవరూ అడగని ప్రశ్న. జట్టుకు రాజవంశీయుడు నాయకుడు కావాలన్నది నాటి నమ్మకం. లార్డ్స్ టెస్టు నాటికి వారిద్దరూ తప్పుకోగా నాయుడు జట్టును నడిపించాడు. జూన్ 25న మొదలైన ఆ మ్యాచ్‌లో ఫీల్డింగ్ చేస్తూ చేతికి గాయమైనా మొదటి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేశాడు. జట్టులో ఆయనదే అత్యధిక స్కోరు. ఆ యాత్రలో ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లలో 1,618 పరుగులు, 65 వికెట్లు సాధించాడు. 1933లో విజ్డెన్ వార్షిక సంచిక ఎంపిక చేసిన ఐదుగురు క్రికెటర్లలో ఒకడయ్యాడు.

ఇంతటి ఆట తరువాత కూడా 1936లో ఇంగ్లండ్ వెళ్లిన జట్టుకు నాయకుడు నాయుడు కాలేదు. విజయనగరం మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు, అంటే క్రికెట్ లోకం ‘విజ్జీ’గా ఎరిగిన వ్యక్తి, నాయకుడయ్యాడు. ఇద్దరూ తెలుగు మూలాలవారే కావడం ఈ ఘట్టంలోని విచిత్రం. ఒకరికి జమీందారీ ఉంది, మరొకరికి సంస్థానం ఇచ్చిన సైనిక హోదా ఉంది. 1936లో జమీందారీ గెలిచింది. విజ్జీ ఆ తరువాత 1962లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. విశాఖ ప్రాంతంలో క్రికెట్ చరిత్ర చెప్పుకునేటప్పుడు ఆయన పేరు ముందుకు వచ్చి, నాయుడుతో ఆయనకున్న వైరం వెనక్కి పోవడం కనిపిస్తుంది. ఆ యాత్రలోనే ఓవల్ టెస్టులో గబీ అలెన్ విసిరిన బంతి బలంగా శరీరానికి తగిలినా నాయుడు క్రీజు వదలక 81 పరుగులు చేశాడు. టెస్టులలో ఆయన అత్యధిక స్కోరు అదే. అది ఆయన చివరి టెస్టు కూడా.

నాయుడు ‘సైనికుడు’ అన్న ముద్రకు మూలం బహుశా ఇటువంటి ఘట్టాలలోనే ఉన్నది. ఒక రంజీ మ్యాచ్‌లో దత్తు ఫడ్కర్ బంతి తగిలి పళ్లు ఊడినా ఆట కొనసాగించాడన్న కథ క్రికెట్ వర్గాలలో తరతరాలుగా నడుస్తున్నది. నిటారైన విగ్రహం, కఠినమైన క్రమశిక్షణ, నొప్పిని లెక్కచేయని తనం ఇవన్నీ కల్నల్ అనే మాటలో ఇమిడిపోయాయి. హోదా మనిషికి అతకడం కంటే మనిషి స్వభావమే హోదాకు అర్థాన్ని ఇచ్చింది.

5. వెరిటీ: మరో దారి

1933 డిసెంబర్‌లో బొంబాయిలో భారతదేశంలోని తొలి టెస్టు జరిగింది. నాయుడు భారత నాయకుడు, డగ్లస్ జార్డిన్ ఇంగ్లండ్ నాయకుడు. రెండవ ఇన్నింగ్స్‌లో లాలా అమర్‌నాథ్ 118, నాయుడు 67 పరుగులు చేసి మూడవ వికెట్‌కు 186 పరుగులు జోడించారు. ఎదుట బంతి వేసినవారిలో యార్క్‌షైర్ ఎడమచేతి స్పిన్నర్ హెడ్లీ వెరిటీ ఉన్నాడు. ఆ సిరీస్‌లో మూడు టెస్టులలో వెరిటీ 23 వికెట్లు తీశాడు. 1934 ఫిబ్రవరిలో మద్రాసు టెస్టులో మొదటి ఇన్నింగ్స్‌లో 49 పరుగులకు 7, రెండవ ఇన్నింగ్స్‌లో 104 పరుగులకు 4 వికెట్లు తీసి మ్యాచ్‌ను ముగించాడు.

వెరిటీ వృత్తి ఆటగాడు. నాటి ఇంగ్లండ్‌లో ఈ మాటకు సామాజికార్థం ఉంది. ఆట ఆడి వేతనం తీసుకునేవాడు ఒక తరగతి, వేతనం లేకుండా ఆడే పెద్దమనిషి మరొక తరగతి. లార్డ్స్ వంటి చోట వారు మైదానంలోకి వచ్చే ద్వారాలు కూడా వేరు. ఈ విభజన 1962 చివరలో గాని రద్దు కాలేదు. 1952లో లెన్ హటన్ నియమితుడయ్యే వరకు వృత్తి ఆటగాడికి ఇంగ్లండ్ నాయకత్వం స్థిరంగా దక్కలేదు. నాయుడుకు సైనిక హోదా తప్పించిన అవమానం ఇదే. హోల్కర్ కొలువు లేకుంటే ఆయన కూడా డబ్బు తీసుకునే ఆటగాడిగానే చూడబడేవాడు.

1939 సెప్టెంబర్ 1న హోవ్‌లో ససెక్స్ జట్టుపై వెరిటీ 9 పరుగులకే 7 వికెట్లు తీశాడు. రెండు రోజుల తరువాత బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో అతడు వేసిన చివరి బంతులు అవే. గ్రీన్ హోవర్డ్స్ రెజిమెంట్‌లో అధికారిగా చేరాడు. యుద్ధం రావచ్చునని ముందే ఊహించి, తన మిత్రుడైన ఒక సైనికాధికారి దగ్గర సైనిక గ్రంథాలు తీసుకొని చదివాడు. క్రికెట్‌లో పిచ్‌ను, బ్యాటర్‌ను చదివినంత శ్రద్ధతోనే వాటిని చదివాడని అతని జీవితం తెలిసినవారు అంటారు. 1942లో అతని బెటాలియన్ భారతదేశానికి వచ్చింది. మద్రాసులో 11 వికెట్లు తీసిన ఎనిమిదేళ్లకు అతడు సైనికుడిగా రాంచీలో ఉన్నాడు, అక్కడ విరేచనాల వ్యాధితో బాధపడ్డాడు. అదే ఏడాది విశాఖపై బాంబులు పడ్డాయి. దేశపు తూర్పు వైపు అంతా యుద్ధభయంలో ఉన్న కాలమది.

అక్కడి నుంచి పర్షియా, సిరియా, ఈజిప్టుల మీదుగా 1943 జులైలో అతని దళం సిసిలీలో దిగింది. కటానియా మైదానంలో రాత్రివేళ దాడిలో కంపెనీని నడిపిస్తుండగా కెప్టెన్ వెరిటీ ఛాతీకి గాయమైంది. మంటలు రేగుతున్న పంటపొలంలో అతన్ని వదిలి దళం వెనక్కి రావలసి వచ్చింది. జర్మన్లకు చిక్కి, ఇటలీ ప్రధాన భూభాగానికి తరలింపబడి, 1943 జులై 31న కసెర్టాలో మరణించాడు. వయస్సు 38. సమాధి అక్కడే ఉంది. లార్డ్స్‌లో వృత్తి ఆటగాళ్ల ద్వారం గుండా నడిచిన మనిషికి యుద్ధం అధికారి హోదా ఇచ్చింది, దానితోపాటు దాని మూల్యాన్నీ అడిగింది. నాయుడుకు శాంతికాలం ఇచ్చిన హోదాను యుద్ధం ఏనాడూ పరీక్షించలేదు. ఈ తేడాను చెప్పడం నాయుడును తక్కువ చేయడం కాదు. వెరిటీకి రావలసిన మాటను వెరిటీకి ఉంచడం.

6. 1945 మార్చి, బ్రాబోర్న్ మైదానం:

ఈ రెండు లోకాలు ఒకే జట్టులో కలిసిన సందర్భం ఒకటి ఉంది. ఇంగ్లండ్ బ్యాటర్ డెనిస్ కాంప్టన్ యుద్ధకాలంలో సైన్యంలో శారీరక శిక్షకుడిగా భారతదేశానికి వచ్చి, ఇండోర్ సమీపంలోని మౌ కంటోన్మెంట్‌లో ఉన్నాడు. అతడు అధికారి కాదు, సార్జెంట్ స్థాయివాడు. ఇంగ్లండ్‌లో అతడూ వృత్తి ఆటగాడే. హోల్కర్ జట్టు అతన్ని 1944-45 రంజీ ఫైనల్‌లో ఆడించింది. ఆ విధంగా బ్రిటిష్ సైన్యపు సార్జెంట్ ఒకడు హోల్కర్ సైన్యపు కల్నల్ నాయకత్వంలో ఆడాడు. వలసపాలన వ్యవస్థలో ఇటువంటి అమరిక మైదానం వెలుపల ఊహించడం కష్టం.

1945 మార్చి 4 నుంచి 9 వరకు బొంబాయి బ్రాబోర్న్ స్టేడియంలో ఆ మ్యాచ్ జరిగింది. బొంబాయి 462, 764 పరుగులు చేసింది. హోల్కర్ 360, 492 చేసింది. మొత్తం 2,078 పరుగులు. బొంబాయి 374 పరుగుల తేడాతో గెలిచింది. విజయ్ మర్చంట్ 278 పరుగులు చేశాడు. ముస్తాక్ అలీ రెండు ఇన్నింగ్స్‌లలోనూ శతకాలు సాధించాడు. 867 పరుగుల లక్ష్యం ముందున్నప్పుడు కాంప్టన్ 249 పరుగులతో అజేయంగా నిలిచాడు. నాయుడు తమ్ముడు సి.ఎస్. నాయుడు ఆ మ్యాచ్‌లో 917 బంతులు వేశాడు, అంటే 152 ఓవర్ల 5 బంతులు. 11 వికెట్లు తీశాడు. తమ్ముడి చేత అన్ని ఓవర్లు వేయించిన నాయకుడు కల్నల్ గారే. ఇందులో దయ కంటే సైనిక శిక్షణకే ఎక్కువ పోలిక ఉన్నదని హాస్యానికి అనుకోవచ్చు.

అదే వారంలో బర్మాలో మెయిక్టిలా వద్ద భారత సైన్యం జపాను సేనలతో పోరాడుతున్నది. బొంబాయిలో ఆరు రోజులు బ్యాటింగ్ సాగడం, బర్మాలో యుద్ధం సాగడం పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నేటి పాఠకుడికి ఇబ్బందిగా అనిపించవచ్చు. అయితే కాంప్టన్ వంటి సైనికులకు పై అధికారుల అనుమతితోనే ఆట దొరికింది. సైనికుల మనోధైర్యానికి ఆట అవసరమని సైన్యమే భావించింది.

7. సంస్థానం పోయినా మిగిలిన మాట:

యుద్ధం ముగిసిన తరువాతి ఋతువు 1945-46లో హోల్కర్ తొలిసారి రంజీ ట్రోఫీ గెలిచింది. బరోడాతో ఫైనల్‌లో 50 ఏళ్ల నాయుడు 200 పరుగులు చేశాడు. 1947-48, 1950-51, 1952-53లలో మళ్లీ ట్రోఫీ ఇండోర్‌కే వచ్చింది. ఈలోగా 1948లో హోల్కర్ సంస్థానం మధ్యభారత్‌లో విలీనమైంది. సంస్థానం లేదు, దాని సైన్యమూ లేదు. జట్టు మాత్రం 1954-55 వరకు హోల్కర్ అన్న పేరుతోనే రంజీ ఆడింది. రాజ్యం కంటే జట్టు ఏడేళ్లు ఎక్కువ బతికిందన్నమాట. ఆ జట్టు నాయకుడి పేరులోని ‘కల్నల్’ అంతకంటే ఎక్కువకాలం బతికింది.

ఈ కారణంగా తెలుగు విజ్ఞానసర్వస్వాలలో, పాఠ్యగ్రంథాలలో నాయుడును గురించి రాసేటప్పుడు ‘హోల్కర్ సంస్థాన సైన్యంలో కల్నల్ హోదా పొందిన’ అనే వివరణ చేర్చడం అవసరం. ‘కల్నల్’ అని ఊరకే రాస్తే అది స్వతంత్ర భారత సైన్యపు హోదాగానో, యుద్ధంలో సంపాదించినదిగానో చదువబడుతుంది. హోదాను పూర్తిగా తొలగించడం కూడా పరిష్కారం కాదు. తొలగిస్తే, రాజులు కానివారు రాజుల ఆటలో ఎలా బతికారన్న చరిత్ర అంతా దానితోపాటే పోతుంది.

1953 అక్టోబర్ 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. ఆ ఋతువులోనే ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో తొలిసారి అడుగుపెట్టింది. దానికి నాయకత్వం వహించడానికి నాగపూర్‌లో పుట్టి, ఇండోర్‌లో స్థిరపడిన నాయుడు వచ్చాడు. అప్పటికి ఆయన వయస్సు 58. 1956లో పద్మభూషణ్ అందుకున్నాడు, ఆ పురస్కారం పొందిన తొలి క్రికెటర్ ఆయనే. 1956-57లో ఉత్తరప్రదేశ్ తరఫున చివరిసారి రంజీ ఆడాడు. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో మరణించాడు.